నీ వంతు వచ్చినప్పుడు కదులు

షుగర్‌ల్యాండ్,
2025 నవంబరు 3.

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.  

నిన్న రాత్రి మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. రోడ్ టెస్టు రెండోసారి కూడా పోయిందట. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నావట. "ఇంక నాకొద్దు, ఎక్కడికెళ్ళాలన్నా ఆయనే తిప్పుతారు" అన్నావట. వెంటనే నీకు ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లో అయితే "ఊఁ పెద్దమ్మా, ఊఁ పెద్దమ్మా" అంటూ సగం విని పెట్టేస్తావని ఊరుకున్నాను. అందుకే పొద్దున్నే కాఫీ తాగి, వంట సంగతి మీ పెదనాన్నకి అప్పజెప్పి, కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు ఆ "నాకొద్దు" అన్న మాట వెనక్కి తీసుకో తల్లీ. ఆ మాట నేనూ అన్నాను. 1998లో నేను ఈ దేశం వచ్చేనాటికి తెనాలిలో సైకిలూ లూనా తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. పద్నాలుగు నెలలు ఆయన తిప్పితే తిరిగాను. పాలు అయిపోతే సాయంత్రం ఆరింటిదాకా ఆగాలి. తలనొప్పి మాత్ర కావాలన్నా ఆయనకే చెప్పాలి. కిటికీ దగ్గర నిలబడి కింద పార్కింగులో ఎవరి కారు వచ్చిందో, ఎవరిది వెళ్ళిందో చూస్తుండటమే నా పని. ఇరుగూ పొరుగూ పలకరించే దేశం కాదు, నడిచి వెళ్ళే దూరంలో కొట్టు లేదు, బస్సు లేదు. ఇక్కడ కారు నడపటం రాని ఆడది ఇంట్లో ఉన్నట్టు కాదు, ఇంట్లో పెట్టి గొళ్ళెం వేసినట్టు. ఆ గొళ్ళెం మీ ఆయన వేసింది కాదు, ఈ ఊరి కట్టుబడే అలాంటిది. తీసుకోవాల్సింది మాత్రం నువ్వే.

1999లో లైసెన్సు వచ్చిన మర్నాడు నేను ఒక్కదాన్నే హిల్‌క్రాఫ్ట్ వీధికి వెళ్ళాను. అప్పట్లో హ్యూస్టన్‌లో మన సరుకుల కొట్లు ఎక్కువగా అక్కడే ఉండేవి. కరివేపాకు కొన్నాను. తిరిగొచ్చి కార్లో కూర్చుని తలుపు వేసుకుని, ఆ కరివేపాకు పొట్లం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఎవరినీ అడక్కుండా నా అంతట నేను తెచ్చుకున్న మొదటి వస్తువు అది. ఆ రోజు నీకూ రావాలనే ఇంత రాస్తున్నాను.

మీ అమ్మ నీ టెస్టుల సంగతి వివరంగా చెప్పింది. మొదటిసారి స్టాప్ సైన్ దగ్గర పూర్తిగా ఆపలేదు. రెండోసారి నాలుగు దారుల స్టాప్ దగ్గర నీ వంతు వచ్చినా కదలకుండా అందరికీ చెయ్యి ఊపి దారిచ్చావు. బుజ్జీ, ఈ రెండూ వేరే వేరే తప్పులనుకుంటున్నావేమో, ఒకటే. మొదటిసారి నీది కాని వంతు తీసుకున్నావు, రెండోసారి నీ వంతు వదులుకున్నావు. మన దేశం నుంచి వచ్చిన వాళ్ళం దాదాపు అందరం పడే ఇబ్బంది ఇదే.

మన ఊళ్ళో మనిషిని చూసి బండి నడుపుతాం. బోసు రోడ్డులో ఎదురొచ్చే ఆటో అతని మెడ ఎటు తిరిగిందో చూస్తే చాలు, ఎటు కోస్తాడో తెలిసిపోతుంది. ఆవు నడక చూసి అది ఆగుతుందో అడ్డం వస్తుందో చెప్పేస్తాం. మీ నాన్న ముప్పై ఏళ్ళు అలాగే నడిపారు, కారుకి గీత పడలేదు. అదొక విద్య, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు కోపం. అయితే ఆ విద్య ఇక్కడ అక్కరకు రాదు. ఇక్కడ ఎవరూ ఎవరి మొహమూ చూడరు. నలభై అయిదు మైళ్ళ వేగంతో వచ్చేవాడు, అంటే మన లెక్కలో గంటకి డెబ్భై రెండు కిలోమీటర్లు, నీ కళ్ళు చూసి ఆగడు. సిగ్నల్ పచ్చగా ఉందా, స్టాప్ ఎవరికుంది, వంతు ఎవరిది, ఇంతే చూస్తాడు. నువ్వు కూడా అదే చూస్తావని నమ్మి వస్తాడు. నువ్వు ఆగాల్సిన చోట ఆగకపోయినా, కదలాల్సిన చోట కదలకపోయినా ఆ నమ్మకం చెడుతుంది.

2001లో మా అబ్బాయి పురిటికి అమ్మ వచ్చింది కదా, మీ అమ్మమ్మ. ఒకరోజు పిల్లాడికి జ్వరమొచ్చి రాత్రి రెండింటికి ఆస్పత్రికి బయల్దేరాం. దారిలో ఎర్ర లైటు పడింది. నాలుగు పక్కలా కనుచూపు మేర ఒక్క దీపం లేదు, ఒక్క మనిషి లేడు. నేను ఆపాను. అమ్మ వెనక నుంచి, "ఎవరూ లేరు కదే, ఎందుకాగావు?" అంది. పిల్లాడి ఏడుపులో నాకేం తోచక "లైటు ఉందమ్మా" అన్నాను. అమ్మ ఇంకేం అనలేదు. ఆర్నెల్ల తర్వాత తెనాలి వెళ్ళి రిక్షా ఎక్కినా ఆటో ఎక్కినా కూడలి రాగానే "ఆగు నాయనా, ఆగి చూసుకుని వెళ్ళు" అని మొదలుపెట్టిందట. మీ అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. ఆ ఆటో అబ్బాయి "మామ్మగారూ, నేనాగితే వెనకోడు నన్నెక్కేస్తాడు" అన్నాడట. అతనన్నదీ నిజమే. ఏ ఊరి వంతు ఆ ఊరిది.

ఇప్పుడు నీ టెస్టుకి పనికొచ్చేది చెబుతాను. స్టాప్ సైన్ దగ్గర గీత దాటకముందే ఆపు. ఆపటమంటే నెమ్మదించటం కాదు. చక్రం పూర్తిగా నిలబడగానే కారు ముక్కు కొంచెం కిందికి వంగి మళ్ళీ వెనక్కి సర్దుకుంటుంది, నీ వీపు సీటుకి తగులుతుంది. ఆ తగలటం తెలిసిందాకా నువ్వు ఆగనట్టే లెక్క. తగిలాక మనసులో ఒకటి, రెండు, మూడు అనుకో. ఎడమా కుడీ మళ్ళీ ఎడమా చూసుకుని కదులు.

నాలుగు పక్కలా స్టాప్ ఉన్నచోట ఎవరు ముందొచ్చి ఆగితే వాళ్ళు ముందు వెళ్ళాలి. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడిపక్కవాళ్ళు ముందు. ఎదురెదురుగా ఉన్న ఇద్దరూ తిన్నగా పోయేవాళ్ళయితే ఇద్దరూ ఒకేసారి కదలొచ్చు. ఎడమకి తిరిగేవాళ్ళు మాత్రం ఎదుటివాళ్ళు వెళ్ళేదాకా ఆగాలి. ఇంతే. నువ్వు ఆగగానే అప్పటికే ఆగి ఉన్నవాళ్ళెవరో లెక్కపెట్టుకో. వాళ్ళు వెళ్ళగానే నువ్వు బయల్దేరు. పెళ్ళి పందిట్లో బంతి దగ్గర "మీరు కూర్చోండి, మీరు కూర్చోండి" అని వియ్యాలవారు ఒకరినొకరు మొహమాటపెట్టుకుంటే కూర చల్లారుతుంది, అంతకంటే నష్టం లేదు. ఇక్కడ నువ్వు చెయ్యి ఊపితే, ఎవరికి ఊపావో తెలియక ఇద్దరు ఒకేసారి కదులుతారు. ఇద్దరూ నీ మర్యాదను నమ్మి గుద్దుకుంటారు. కాబట్టి చెయ్యి స్టీరింగు మీదే ఉంచు. నీ వంతు తీసుకోవటం పొగరు కాదు తల్లీ.

ఎర్ర లైటు మీద కుడికి తిరగొచ్చని నేర్చుకునే ఉంటావు. టెక్సస్‌లో తిరగొచ్చు, వద్దని బోర్డు ఉన్నచోట తప్ప. న్యూయార్క్ నగరంలో దీనికి తలకిందులు, తిరగొచ్చని బోర్డు ఉన్నచోటే తిరగాలి. ఏదైనా ముందు పూర్తిగా ఆగాకే. వెనక ఎవడో హారన్ కొడతాడు. కొట్టనీ. నీ ముందున్న రోడ్డు వాడికి కనిపించదు.

హారన్ అంటే గుర్తొచ్చింది. మనకి హారన్ ఒక మాట. "వస్తున్నా", "పక్కనున్నా", "చూసుకో", అన్నీ దాంతోనే చెబుతాం. లారీ వెనక హారన్ కొట్టమని రంగులతో రాయించుకుంటాం కూడా. ఇక్కడ హారన్ తిట్టు. గుద్దబోయేవాణ్ణి ఆపటానికి తప్ప వాడకు. దానికంటే ప్రమాదమైనది ఇంకోటుంది, ఇది ఎవరూ చెప్పరు, శ్రద్ధగా విను. హెడ్‌లైట్లు టపటపా కొట్టటం. మన హైవే మీద ఎదుటివాడు లైటు కొట్టాడంటే "నేనొస్తున్నా, నువ్వాగు" అని. ఇక్కడ చాలామంది దాన్ని "నేనాగుతాను, నువ్వెళ్ళు" అని తీసుకుంటారు. మాటకి మాట ఎదురు! వచ్చిన మూడో నెలలో ఒక రాత్రి మీ పెదనాన్న తిన్నగా పోతున్నారు. ఎదుట ఒకావిడ ఎడమకి తిరగటానికి ఆగి ఉంది. ఎక్కడ అడ్డం వస్తుందోనని ఈయన లైటు కొట్టారు. ఆవిడ దారిచ్చారనుకుని తిరిగేసింది. ఈయన బ్రేకు మీద నిలబడ్డారు. రెండు కార్లకీ మధ్య జానెడు ఎడం. ఆవిడ కిటికీ దించి, కోప్పడకుండా, చెయ్యెత్తి "థాంక్యూ" అని చెప్పి వెళ్ళిపోయింది. మేమిద్దరం ఆ రాత్రి ఇంటికెళ్ళేదాకా ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆవిడ ఎందుకు థాంక్యూ చెప్పిందో తెలియటానికి మాకు వారం పట్టింది.

మిగతావి చిన్నవి. కుడిపక్క తలుపు తీసి కూర్చుని స్టీరింగు కోసం వెతుక్కోవటం, మలుపు దగ్గర ఇండికేటర్ అనుకుని వైపర్లు వెయ్యటం, ఇవి అందరికీ అవుతాయి. మన కార్లలో ఇండికేటర్ కుడిచేతి పక్కన ఉంటుంది, ఇక్కడ ఎడమచేతికి. మీ పెదనాన్న మొదటి నెలంతా మిట్టమధ్యాహ్నం ఎండలో వైపర్లు ఆడిస్తూ మలుపులు తిరిగారు. చెయ్యి మరిచిపోవటానికి నెల పడుతుంది, అంతే. "గ్యాస్" అంటే పెట్రోలని నీకు తెలుసు గానీ రేపు మీ అమ్మ వస్తే ముందే చెప్పు. "గ్యాస్ అయిపోయింది, పోయించుకోవాలి" అంటే మీ అమ్మమ్మ "పొయ్యి వెలుగుతూనే ఉంది కదే, బండ ఎక్కడ పెట్టారు?" అని వంటిల్లంతా వెతికింది.

ఇంకో మాట, కాస్త గట్టిగా చెబుతున్నాను. మీ ఆయన దగ్గర నేర్చుకోకు. అల్లుడుగారు బంగారంలాంటి మనిషి, నాకు తెలుసు. మీ పెదనాన్న కూడా బంగారమే. అయినా పక్క సీట్లో కూర్చున్న మొగుడు గురువు కాలేడు. ఆయనకి కారు మీద భయం, నీ మీద భయం, ఇన్సూరెన్సు మీద భయం. "బ్రేక్! బ్రేక్!" అని అరుస్తాడు, నువ్వు ఉలిక్కిపడి బ్రేకు బదులు ఇంకేదో తొక్కుతావు. ఆ రోజు పార్కింగు లాటులో మొదలైన గొడవ రాత్రి చారులో ఉప్పు దాకా వస్తుంది. డ్రైవింగ్ స్కూల్లో ఆరు గంటలు డబ్బు కట్టి నేర్చుకో. వాళ్ళ కారులో వాళ్ళ వైపు కూడా బ్రేకు ఉంటుంది, అందుకే వాళ్ళు అరవరు. పారలల్ పార్కింగ్ నీకు బాగా వచ్చిందట, దాని గురించి నేను చెప్పేదేం లేదు.

పోలీసులు ఆపితే ఏం చెయ్యాలో చెప్పే ఈ భాగం మీ ఆయన చేత కూడా చదివించు.

2000లో వేగం ఎక్కువైందని మమ్మల్ని ఆపారు. వెనక ఎరుపూ నీలం దీపాలు తిరుగుతున్నాయి. మీ పెదనాన్న కారు ఆపి, మన అలవాటు ప్రకారం మర్యాదగా కాగితాలు చేతిలో పట్టుకుని తలుపు తీసుకుని దిగి ఆయన దగ్గరికి నడవబోయారు. మన దగ్గర అధికారి ముందు సీట్లో కూర్చునే ఉంటే పొగరని అర్థం. ఇక్కడ దిగి మీదికి నడిచొస్తే దాడికి వస్తున్నాడని అర్థం. మైకులో పెద్దగా గద్దింపు వినిపించింది, కార్లోకి వెళ్ళమని. ఈయనకి అర్థంకాక ఇంకో అడుగు వేశారు. అప్పుడు ఆ పోలీసాయన చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళటం నేను అద్దంలో చూశాను. బుజ్జీ, పాతికేళ్ళయినా ఆ చెయ్యి నాకు కళ్ళకి కడుతుంది. కార్లోంచి నేను తెలుగులో అరిచిన అరుపుకి ఈయన ఆగిపోయారు. దేవుడి దయవల్ల జరిమానాతో పోయింది.

కాబట్టి దీపాలు కనిపించగానే ఇండికేటర్ వేసి నెమ్మదిగా కుడిపక్కకి తీసి ఆపు. ఇంజిను ఆపి కిటికీ దించు. రాత్రయితే లోపలి దీపం వెయ్యి. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టు, పక్కవాళ్ళని కూడా చేతులు కనపడేట్టు ఉంచమను. లైసెన్సూ ఇన్సూరెన్సూ అడిగితే "బ్యాగులో ఉన్నాయి, తీస్తాను" అని ముందు చెప్పి అప్పుడు తియ్యి. వాదించకు. బతిమాలకు. డబ్బు మాట పొరపాటున కూడా నోట రానివ్వకు, అది ఇక్కడ పెద్ద నేరం. టిక్కెట్టు ఇస్తే తీసుకో. వేగం మరీ ఎక్కువ కాకపోతే, గడిచిన ఏడాదిలో ఇలా క్లాసు చేసి ఉండకపోతే, కోర్టుని అడిగి డిఫెన్సివ్ డ్రైవింగ్ క్లాసు చేసి దాన్ని తీసేయించుకోవచ్చు. టిక్కెట్టు మీద తేదీ వేసి ఉంటుంది, ఆ తేదీ లోపల జవాబివ్వాలి. సొరుగులో పడేసి మర్చిపోతే చిన్న జరిమానా వారంటు అవుతుంది.

మనలాంటి వీసా వాళ్ళకి ఇంకో మెలిక ఉంది. మన మీద రాసిన ప్రతి కాగితం ఎక్కడో ఒకచోట ఉంటుంది. 2025 ఏప్రిల్లో ఎంతోమంది విదేశీ విద్యార్థుల ఇమిగ్రేషన్ రికార్డులు రద్దు చేసినప్పుడు, ట్రాఫిక్ కేసు తప్ప ఇంకేమీ లేని పిల్లలు కూడా అందులో ఉన్నారు. కోర్టుల దాకా వెళ్ళాక తిరిగి పెట్టారు గానీ అన్నాళ్ళూ ఆ పిల్లల తల్లిదండ్రులు ఎలా గడిపారో ఊహించుకో. తాగి నడపటం మాట ఇంక చెప్పక్కర్లేదు. అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే వీసా పోవచ్చు. శుక్రవారం పార్టీలకి అల్లుడుగారు వెళితే తిరిగి తెచ్చేది నువ్వే కావాలి, లైసెన్సు కావటానికి అదొక కారణం. లైసెన్సు వచ్చాక తేదీ చూసుకో, మనకి అది వీసా గడువుతో ముడిపెట్టి ఉంటుంది. 2012లో ఎక్స్‌టెన్షన్ కాగితాలు ఆలస్యమై మీ పెదనాన్న లైసెన్సు గడువు దాటిపోయింది. అయిదు వారాలు నేనే ఆయన్ని ఆఫీసులో దింపి తీసుకొచ్చాను. పద్నాలుగు నెలలు నన్ను తిప్పిన మనిషిని నేను తిప్పాను. ఆయనకది చిన్నతనం అనిపించలేదు, నాకు చాలా గర్వం అనిపించింది.

పసుపు రంగు స్కూలు బస్సు ఎర్ర దీపాలు వేసి, పక్కనుంచి స్టాప్ బోర్డు చాపిందంటే, వెనకవాళ్ళే కాదు ఎదురొచ్చేవాళ్ళు కూడా ఆగాలి. మధ్యలో డివైడరు కట్టి ఉంటే తప్ప. ఒక్కసారి తప్పితే టెక్సస్‌లో జరిమానా 500 నుంచి 1,250 డాలర్ల దాకా. డబ్బు పోనీ, ఆ బస్సు దిగేది అయిదేళ్ళ పిల్లలు. వాళ్ళకి నీ వంతు, నా వంతు తెలియదు, బస్సు ఆగితే లోకం ఆగుతుందని మాత్రమే తెలుసు.

ఇక నీ ఊరి రోడ్ల సంగతి. ఇర్వింగ్ పక్కనుంచి పోయే 35ఈ చూసి తూర్పుకి పోయే రోడ్డు అనుకునేవు. కాదు. ఉత్తరం నుంచి వచ్చిన ఇంటర్‌స్టేట్ 35 డెంటన్ దగ్గర రెండుగా చీలి, ఒకటి డాలస్ మీదుగా, ఒకటి ఫోర్ట్‌వర్త్ మీదుగా వెళ్ళి మళ్ళీ హిల్స్‌బరో దగ్గర కలుస్తాయి. తూర్పు పాయ 35ఈ, పడమటి పాయ 35డబ్ల్యూ. అవి రెండూ ఉత్తర దక్షిణాలే. రెండంకెల నంబర్లలో బేసి ఇంటర్‌స్టేట్‌లు ఉత్తర దక్షిణాలు, సరి నంబర్లు తూర్పు పడమరలు అని గుర్తుంచుకుంటే సగం తికమక తీరుతుంది. 75, 635 కలిసేచోట అయిదంతస్తుల వంతెనలు ఉంటాయి, హై ఫైవ్ అంటారు. అక్కడ మొదటిసారి నీకు ఎగ్జిట్ తప్పిపోతుంది. తప్పనీ. పోయిన ఎగ్జిట్ కోసం వెనక్కి రావటం, ఆగటం, గీతల మీదుగా అడ్డం పడటం, ఇవి మాత్రం చెయ్యకు. మన బైపాసు మీద సందు దాటిపోతే రివర్సు చేసుకుని వస్తాం. ఇక్కడ వెనక వచ్చేవాడు సెకనుకి తొంభై అడుగుల పైన వస్తున్నాడు. తర్వాతి ఎగ్జిట్ దిగి సర్వీసు రోడ్డులో వంతెన కింద యూటర్న్ తీసుకుని రా. అయిదు నిమిషాలు ఆలస్యం, అంతే. ఎవరూ నిన్నేమీ అనరు.

ఫ్రీవే మీద ముందు బండ్లన్నీ ఉన్నట్టుండి ఆగిపోతే, నువ్వు ఆగుతూనే నాలుగు ఇండికేటర్లూ వెలిగించు. ముందు కారుకి రెండు కార్ల ఎడం వదిలి, వెనక అద్దంలో చూస్తూ ఉండు. 2024 ఆగస్టు చివర్లో మీ ఊరికి ఉత్తరాన అన్నా అనే ఊరి దగ్గర 75వ నంబరు రోడ్డు మీద, ట్రాఫిక్‌లో నెమ్మదించిన కారుని వెనక నుంచి ట్రక్కు గుద్దితే నలుగురు పోయారు. అందులో మన హైదరాబాదు పిల్లలున్నారు. ఆ పిల్లల తప్పేం లేదు. ఆ వార్త చదివిన రోజు నుంచి నేను అద్దం చూడటం ఇంకా పెంచాను.

వానా మంచూ వచ్చిన రోజు మాత్రం ఎవరేమన్నా ఇల్లు కదలకు. 2021 ఫిబ్రవరి 11న పొద్దున్నే ఫోర్ట్‌వర్త్‌లో 35డబ్ల్యూ మీద కంటికి కనపడని మంచుపొర మీద జారి 130కి పైగా బండ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఆరుగురు చనిపోయారు. వాళ్ళు ఈ దేశంలో పుట్టి పెరిగి నడిపినవాళ్ళే. వంతెనలు నేలకంటే ముందు గడ్డకడతాయి, కింద గాలి తగులుతుంది కనుక. నీళ్ళ సంగతి మాకు బాగా తెలుసు. 2017 హార్వీ తుపానులో మా వీధి చివర వంతెన కింద నీళ్ళు నిలిస్తే మీ పెదనాన్న "మోకాలు లోతు కూడా లేదు, వెళ్ళిపోదాం" అన్నారు. మన ఊళ్ళో అలాగే వెళ్ళిపోతాం, పిల్లలు పక్కన నిలబడి కేరింతలు కొడతారు. నేను తాళాలు ఇవ్వలేదు. పారే నీళ్ళు ఒక్క అడుగు ఉంటే చాలు కారుని ఎత్తుకుపోవటానికి.

ఇన్సూరెన్సు చట్టం చెప్పిన కనీసానికి తీసుకుని ఊరుకోవద్దని అల్లుడుగారికి చెప్పు. ఎదుటివాళ్ళ ఆస్తి నష్టానికి ఆ కనీసం 25,000 డాలర్లే. ఈ రోజుల్లో కొత్త కారు ఒక్కటి గుద్దినా చాలదు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. ఇప్పుడు నీకు అక్కర్లేకపోవచ్చు, రేపు కావాలి. మా అబ్బాయి పుట్టాక ఆస్పత్రి నుంచి తెచ్చే రోజు నర్సు కారు దాకా వచ్చి, పిల్లాడి సీటు బిగించి ఉందో లేదో చూసిందాకా కదలనివ్వలేదు. దారిలో వాడు గుక్కపట్టి ఏడ్చాడు. అమ్మ "మూడు రోజుల పసిగుడ్డుని అలా కట్టిపడేస్తారా, నా ఒళ్ళో ఇవ్వండి" అని కన్నీళ్ళు పెట్టుకుంది. ఇద్దరి ఏడుపూ వింటూ మీ పెదనాన్న నడిపారు. నేను ఇవ్వలేదు. ఇంటికొచ్చాక అమ్మ నాతో పూటంతా మాట్లాడలేదు. సాయంత్రం ఒక బొమ్మని ఒళ్ళో పెట్టుకోమని, ఆవిడ కూర్చున్న, చక్రాలున్న కుర్చీని కొంచెం తోసి చటుక్కున ఆపాను. బొమ్మ ఎగిరి గోడ దగ్గర పడింది. అమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది. మర్నాటి నుంచి బెల్టు బిగించేది ఆవిడే, మేం ఎవరం బిగించినా మళ్ళీ లాగి చూసేది. రేపు మీ అమ్మ వచ్చి ఒళ్ళో ఇమ్మంటే, అది అమ్మమ్మ నుంచి వచ్చిన మాట అని చెప్పు.

మూడో టెస్టుకి ఇంకా గడువుంది. తొంభై రోజుల్లో మూడుసార్లు ఇస్తారు, పోయినా మళ్ళీ ఫీజు కట్టి మొదలుపెట్టటమే తప్ప తల తెగదు. ముందురోజు అన్నం తిని నిద్రపో. లైసెన్సు వచ్చాక అల్లుడుగారితో కలిసి ఫ్రిస్కో హనుమంతుడి గుడికి కారు తీసుకెళ్ళి పూజ చేయించు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించు. ఈసారి ఆ నిమ్మకాయల మీదుగా కారు నడిపేది నువ్వు కావాలి.

సంక్రాంతికి మీరు మా ఇంటికి రావాలి. డాలస్ నుంచి హ్యూస్టన్‌కి 45 మీద దాదాపు 240 మైళ్ళు. ఎగ్జిట్ నంబర్లు అక్కడ 280ల్లో మొదలై మా వైపు వచ్చేకొద్దీ తగ్గుతుంటాయి. 142 దగ్గర మాడిసన్‌విల్‌లో దిగి బకీస్ బంకులో కాళ్ళు చాపుకుని, కాఫీ తాగి, అక్కడి నుంచి స్టీరింగు నువ్వు తీసుకో. మా వీధి మొదట్లో నాలుగు దారుల స్టాప్ ఉంది. నేను అరుగు మీద నిలబడి చూస్తుంటాను. భోగినాడు పొద్దున తొమ్మిదింటికల్లా బయల్దేరండి. వాన ఉంటే బయల్దేరకండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ.